గడప బయట నిలబెట్టిన మేనల్లుడు

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. బిడ్డకు పేరు పెట్టడానికి వచ్చిన మనిషిని గడప దగ్గరే ఆపి వెనక్కి పంపాను. పంపి, మంచి పని చేశానని తీరిగ్గా చాయ్ తాగాను. ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద తప్పులు చేసి ఉంటాను. ఇంత తృప్తిగా చేసిన తప్పు మాత్రం మరొకటి లేదు.

నేను ప్రభుత్వ ఆరోగ్య శాఖలో హెల్త్ అసిస్టెంటుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. బచ్చన్నపేట, పెద్దవంగర, ఘనపూర్, చివర్లో జనగామ. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇక్కడ రాయను, అది నా పింఛను కాగితాలకు తప్ప ఎవరికీ పనికిరాదు. కొత్తగా ఈ కొలువులో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి "సార్, ఫీల్డ్ ఎట్లుంటది?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ట్రైనింగులో సూది ఎలా వేయాలో చెప్తారు. టీకా మందు ఎంత చల్లగా ఉంచాలో చెప్తారు. మనం వెళ్లేవి పురిటి ఇళ్లు, చావు ఇళ్లు అనే సంగతి ఎవరూ చెప్పరు. ఆ రెండు రకాల ఇళ్లలోనూ మనం అడుగు పెట్టేసరికే ఇంకెవరో వాళ్ల పనిలో ఉంటారు. ఆ పనికి అడ్డం పడకుండా మన పని చేసుకురావడమే ఫీల్డ్ అంటే.

కాకి దిగని పొద్దు

పెద్దవంగరలో ఒక ముసలాయన పోయాడు. జబ్బు ఏమిటో, ఎన్నాళ్లు బాధపడ్డాడో కనుక్కురావడం నా పని. నేను వెళ్లింది పిట్టకు పెట్టే రోజు. పొలం గట్టు మీద విస్తరాకులో అన్నం, కోడికూర, ఆయనకు ఇష్టమని ఒక గ్లాసెడు కల్లు పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. నేను భుజాన మందుల సంచీతో అందరికంటే ముందు నిలబడ్డాను. ప్రభుత్వం కదా.

కాకి తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తోంది, దిగదు. పెద్ద కోడలు చేతులు జోడించి, "మామా, పిల్ల లగ్గం మంచిగ చేస్తం, ముట్టు" అంది. చిన్న కొడుకు, "బాపూ, నీ బర్రెను అమ్మం, ఒట్టు" అన్నాడు. కాకి మెడ తిప్పిందే తప్ప కదల్లేదు. అప్పుడు ముసలాయన భార్య నా వైపు తిరిగింది.

"ఓ దవాఖాన సారూ, జర అవుతలికి జరుగు. బతికున్నన్నొద్దులు ఆయనకు సూదంటె భయం. నీ సంచి జూసి దిగుతలేడు!"

నేను గడ్డివాము వెనక్కి వెళ్లాను. కాకి దిగింది. ముందు నవ్వింది ఆ అవ్వే. తర్వాత అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడ ఏడ్చింది. నేను అడగాల్సినవన్నీ ఆ నవ్వు, ఆ ఏడుపు అయ్యాక ఆమే చెప్పింది. ముందే అడిగి ఉంటే గెంటేసేవాళ్లు, గెంటేసినా న్యాయమే.

ఘనపూర్ డాక్టరమ్మ

ఘనపూర్‌లో నా పై అధికారి ఒక డాక్టరమ్మ. మహా కోపిష్టి. తప్పు చేస్తే అందరి ముందూ తిట్టేది, ఒప్పు చేస్తే ఏమీ అనేది కాదు. అది మంచి పద్ధతి కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయితే ఆమె చెప్పిన ఒక మాట నిజం. "నీకు పని వచ్చు, మనుషులు రారు. ఇంట్లకు పోంగనే చెయ్యి సంచిల పెడ్తవు. ముందుగాల ఇంట్ల ఎవరు ఎవరో చూడవయ్యా."

ఊళ్లలో బిడ్డను తొట్టెలలో వేసే రోజు చుట్టాలంతా వస్తారు. టీకాల గురించి చెప్పాలంటే ఆ రోజే వెళ్లమనేది. వెళ్లగా వెళ్లగా నాకూ కొంత తెలిసింది. పేరు పిలిచేది మేనత్త. బట్టలు తెచ్చేది, పుట్టువెంట్రుకలకు ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామ. మేనమామకు కుర్చీ వేస్తే సగం పని అయినట్టే, ఆయన సరే అంటే తల్లి సరే అంటుంది. ఈ ఉపాయం ఎన్నో ఊళ్లలో పనిచేసింది. నా తెలివి మీద నాకు నమ్మకం పెరిగింది.

జనగామలో నన్ను ముంచింది ఆ నమ్మకమే.

రైస్ మిల్లు వెనక గది

జనగామలో ఒక రైస్ మిల్లు కాపలాదారు మాన్ బహదూర్. నేపాల్ నుంచి వచ్చి ఎన్నో ఏళ్లయింది. రాత్రిళ్లు సీటీ ఊదుకుంటూ ఆ వాడంతా తిరుగుతాడు. మాట్లాడితే అచ్చం జనగామ మనిషే. అందరూ గూర్ఖా అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. వాళ్లు మగర్లని, ఆ కొండల్లో తమ భాష, తమ ఆచారం ఉన్న జాతి అని నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు.

పెళ్లయిన చాలా ఏళ్లకు అతని భార్య బిమల ఆడపిల్లను కన్నది. పిల్ల బరువు తక్కువ. తల్లి ఎదకు ఆనించుకుని వెచ్చగా ఉంచాలని, కొత్తవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వొద్దని గట్టిగా చెప్పాను. ఆ వాడ ఆశ కార్యకర్త రజిత రోజూ వెళ్లి చూసేది.

ఆ రోజు రజితతో కలిసి నేనూ వెళ్లాను. గది ముందు అలికి ఉంది. ఏడెనిమిది మంది నేపాలీలు ఉన్నారు. ఏదో శుభకార్యమని అర్థమైంది. మాన్ బహదూర్ కనపడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎవరని అడిగితే బిమల అన్న, హైదరాబాద్ నుంచి వచ్చాడన్నారు. మేనమామ! వెంటనే ఆయన చేత చేతులు కడిగించి, లోపల ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. మొహమాటం అనుకున్నాను.

అంతలో గడప దగ్గరికి ముప్పై ఏళ్ల మనిషి ఒకడు వచ్చాడు. కొత్త అంగీ, చేతిలో ప్లాస్టిక్ కవరు. దగ్గుతున్నాడు.

"ఎవరు నువ్వు?"

"తేజ్ సార్. మానుకోట నుంచి వచ్చిన. పాపను చూడాలె."

"దగ్గుకుంట చూస్తవా? పిల్ల అసలే బరువు తక్కువ. నెల తర్వాత రా."

"సార్, నేను..."

"మళ్ల మాట లేదు. అట్నుంచి అటే పో."

గడప బయట ఓ పక్కగా నిలబడ్డ మాన్ బహదూర్ తల్లి వాళ్ల భాషలో ఏదో అంది. నాకు వాళ్ల భాష రాదు కనుక ఆమె నన్ను మెచ్చుకుంటోందనుకున్నాను. ఆ మనిషి కవరు గడప మీద పెట్టి, లోపలికి ఒక దండం పెట్టి వెళ్లిపోయాడు. ఎవరో చాయ్ ఇచ్చారు. రజితను కూర్చోమని చెప్పి నేను తాగాను.

కాసేపటికి మాన్ బహదూర్ ఆవు మూత్రం ఉన్న సీసాతో పరుగులాంటి నడకతో వచ్చాడు. "తేజ్ రాలేదా?" అన్నాడు. తల్లి నా వైపు వేలు చూపించింది. దుప్పటి కింద బిమల ఏడుస్తోందని అప్పుడు చూశాను.

మాన్ బహదూర్ తల పట్టుకున్నాడు. "సార్! నేను రాత్రంత సీటీ ఊదుకుంట దొంగలను ఎల్లగొడ్త. మీరేమొ పట్టపగలు మా అయ్యగారిని ఎల్లగొడ్తిరి!"

"అయ్యగారా? ఆ దగ్గేటాయనా?"

"మా అక్క కొడుకు సార్. మాకు బాపనయ్య రాడు. అక్క కొడుకే పేరు పెట్టాలె, అక్క కొడుకే కర్మ జెయ్యాలె. మొన్న ఊర్ల మా నాయిన పోయిండని కబురొస్తే నా తల గొరిగింది ఆయననే. దినాలన్ని ఉప్పు లేని బువ్వ తిన్న. ఆఖరుకు ఉప్పు ముట్టిచ్చింది గూడ ఆయననే, గిదే గదిల."

నేను కుర్చీ వైపు చూపించాను. "మరి ఈయన మేనమామ కద?"

ఆ హైదరాబాద్ మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. "నాకిక్కడ ఏం పని లేదు సార్. ఊకెనే వచ్చిన. అన్నం తిని పోవుడే."

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. "ఇయ్యాల పేరు పెట్టకుంటె ఏమైతది?" అని అడిగాను.

"పేరు పెట్టెదాక బిమల పొయ్యి ముట్టది, మా అవ్వ పిల్లనెత్తుకోదు. గది సరే, ఇంకో దినం చూసుకుందుము. గని సార్, అక్క కొడుకు గడపకాడికొచ్చి తిరిగిపోయిండంటే దేవుడు తిరిగిపోయినట్టు. ఇన్నేండ్లకు పుట్టింది సార్ గీ పిల్ల. దీని పేరు గిట్ల మొదలు కావాల్నా?"

ఆ గదిలో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నా బండెక్కు" అని మాన్ బహదూర్‌తో అన్నాను.

స్టేషన్లో

తేజ్ ప్లాట్‌ఫారం మీద బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. మానుకోట వైపు వెళ్లే బండి వచ్చే వేళయింది. పక్కన ఒక అవ్వ గంపతో కూర్చుని ఉంది. మాన్ బహదూర్‌కు తల సగం నెరిసింది. అతను నేరుగా వెళ్లి, తనకంటే ఎంతో చిన్నవాడైన ఆ మనిషి పాదాలకు నుదురు ఆనించాడు.

అవ్వ బిత్తరపోయింది. "గదేంది బిడ్డా! పెద్దోడివి, చిన్నోని కాళ్లు మొక్కుడేంది?"

"నా మేనల్లుడవ్వా. మా తాన మామనే అల్లునికి మొక్కాలె."

"గట్లనా! గీ ముచ్చట మా మేనల్లునికి చెప్పకు కొడుకా. రేపటి సంది మా ఇంట్లనే పంటడు."

తేజ్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నేను ముందుకు వెళ్లి, "తప్పు నాది. తెలువక చేసిన" అన్నాను.

"దగ్గుతున్న మాట నిజమే సార్" అన్నాడు. "నూడుల్స్ బండి మీద పని. దినమంత మిరపకాయల పొగ మింగుత. పిల్లకాడ జాగ్రత్త ఉండుమనుడు తప్పు కాదు. గని తెలువకుంటె అడగొచ్చు కద. నువ్వెవరివని అడిగిండ్రు, పిల్లకు ఏమైతవని అడగకపోతిరి."

డాక్టరమ్మ గుర్తుకొచ్చింది. ఆమె అరిచి చెప్పినదాన్నే ఇతను మెల్లగా చెప్పాడు. చెయ్యి పట్టుకుని చూస్తే జ్వరం లేదు. సంచీలోంచి మాస్కు తీసి ఇచ్చాను.

"వస్తవా మరి?" అన్నాడు మాన్ బహదూర్.

"మామ వచ్చి మొక్కినంక రాకుంటె ఎట్ల? గని సాయంత్రం పొయ్యి నేనే ముట్టియ్యాలె. గీ రైలు పోతే మా ఓనరు యాకూబ్ భాయ్ ఇంకోన్ని పెట్టుకుంటడు."

"నేను దింపుత" అన్నాను.

"మానుకోట దాకనా సార్?"

"మానుకోట దాకనే."

రైలు వచ్చింది. గంప ఎక్కించడానికి మేం ముగ్గురం చేయి వేశాం. అవ్వ కిటికీలోంచి, "పిల్లకు మంచి పేరు పెట్టుండ్రి!" అని అరిచింది.

గరిక, బంగారం, సబ్బు

ఈసారి గడప దగ్గర తేజ్‌ను ఆపింది నేను కాదు, మాన్ బహదూర్. ఇత్తడి పళ్లెంలో మేనల్లుడి కాళ్లు పెట్టించి కడిగాడు. తర్వాత నా వంతు. సబ్బు ఇచ్చి నీళ్లు పోశాను, తేజ్ మోచేతుల దాకా రుద్దుకున్నాడు. "కాళ్లు మామ కడిగె, చేతులు సర్కారు కడిగె. ఇంత మర్యాద మా ఊర్లె గూడ లేదు" అన్నాడు. లోపలున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు.

ఆవు మూత్రం దగ్గర నాకు బెంగ పట్టుకుంది. పిల్ల మీద చల్లుతారేమో. ఈసారి అడిగాను. తేజ్ ఆలోచించి, "గది మీద చల్లుత. పిల్లకు బంగారం ముంచిన నీళ్లు చాలు. కాచి చల్లార్చిన నీళ్లే తెమ్మను" అన్నాడు. ఆ పరిష్కారం నాకు తట్టి ఉంటే గొప్పగా చెప్పుకునేవాణ్ని. అది అతనిదే.

గడప మీద వదిలిన కవరు విప్పాడు. అందులో గరిక, పసుపు దారాలు, చిన్న గౌను ఉన్నాయి. బిమల ఉంగరం నీళ్లలో వేసి, గరికతో తల్లి మీద, బిడ్డ మీద ఒక్కో చుక్క చిలకరించాడు. బిడ్డ చేతికి దారం కట్టాడు. మాస్కు తీయకుండానే చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. పిల్ల చెయ్యి విదిల్చింది.

"సిర్జనా" అని తేజ్ పైకి చెప్పాడు.

"సృజన! మన పేరే కద!" అంది రజిత.

అప్పటిదాకా గుమ్మం దాటని ముసలామె లోపలికి వచ్చి మనవరాలిని మొదటిసారి ఎత్తుకుంది. గుడ్డలో చుట్టి గడప దాకా తెచ్చి ఎండ చూపించింది. నన్ను చూసి బోసినోటితో నవ్వి, వాళ్ల భాషలో ఒక మాట అంది. ఈసారి ఊహించుకోకుండా మాన్ బహదూర్‌ను అర్థం అడిగాను.

"ఇందాకటి నుంచి తిడ్తున్నదట సార్. ఇగ తిట్టదట."

ఎవరో మాదల్ అనే చిన్న డోలు తీశారు. మిల్లు హమాలీలు పని ఆపి వచ్చారు. బియ్యప్పిండితో చేసిన తియ్యటి చుట్టలు నూనెలోంచి తీసినవి తీసినట్టే అయిపోయాయి. బిమల లేచి వెళ్లి పొయ్యిలో ఒక పుల్ల ఎగదోసి, తిరిగి వచ్చి బిడ్డను ఎదకు ఆనించుకుంది. నేను చెప్పింది చెప్పినట్టుగా. హైదరాబాద్ మేనమామ ఏ బరువూ లేకుండా అందరికంటే బాగా ఆడాడు. ఆ కుర్చీలో చివరిదాకా ఎవరూ కూర్చోలేదు, దాని మీద డోలు పెట్టారు.

కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడ ఒక మాట. ఒక ఇంట్లో నేర్చుకున్నది ఇంకో ఇంట్లో పనికొస్తుందని ధైర్యపడొద్దు. మేనమామకు కుర్చీ వేయాలని నేను నేర్చుకున్నది తప్పు కాదు. దాన్ని అందరి ఇళ్లకూ మోసుకెళ్లడం తప్పు. దగ్గేవాళ్లను పిల్లకు దూరంగా ఉంచాలన్న నా నియమం కూడా తప్పు కాదు. దాన్ని పది మంది ముందు ఒక మనిషి మొహాన కొట్టడం తప్పు. సబ్బు, మాస్కు నా సంచీలో ముందు నుంచీ ఉన్నాయి. నోరు కాస్త ఆగితే అవే సరిపోయేవి.

మానుకోట దాకా

పాలకుర్తి, తొర్రూరు మీదుగా వెళ్లాం. రెండు వైపులా పత్తి చేలు. వెనక కూర్చుని తేజ్ చెప్తూ వచ్చాడు. వాళ్లలోనూ మేనమామ కూతుర్ని చేసుకుంటారట. మేనల్లుడే రేపటి అల్లుడు, అందుకే అంత మర్యాద. "మా తాన గూడ మేనరికం ఉన్నది. గని మొక్కేది మాత్రం అల్లుడే" అన్నాను. "మీరు ఉల్టా పట్టుకున్నరు సార్" అన్నాడు. దారంతా ఈ విషయం మీదే వాదించుకున్నాం.

మేం చేరేసరికి నూడుల్స్ బండి ముందు జనం మూగి ఉన్నారు. పొయ్యి వెలగలేదు. యాకూబ్ భాయ్ గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"క్యా రే, గిదా టైము? కాలేజీ పోరగాండ్లు రెండుసార్లు వచ్చి తిరిగిపోయిండ్రు. నీ లెక్కటోళ్లు దొరకరనుకున్నవా?"

"భాయ్, ఆలస్యం నా వల్లనే అయింది" అన్నాను. జరిగింది చెప్పాను. దవాఖాన మనిషినని కూడా చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"దవాఖాన అయితె దవాఖాన. నాకు ఉల్లిగడ్డ ఎవడు కోస్తడు?"

నేను వాచీ తీసి జేబులో వేసుకుని, చేతులు కడుక్కుని కత్తి అందుకున్నాను. తేజ్ పొయ్యి ముట్టించాడు. మిరపకాయలు నూనెలో పడగానే నాకూ దగ్గు మొదలైంది. ప్లేట్లు అందించాను, క్యాబేజీ తరిగాను, "అన్నా, ఇంకో ఎగ్ నూడుల్స్" అంటే పరుగెత్తాను. పాత పెద్దవంగర మనిషి ఒకాయన ఆగి నన్ను తేరిపార చూసి, "సారూ, మీరేనా? నౌకరి ఇడిసిపెట్టిండ్రా?" అన్నాడు. "లేదన్నా, నేర్చుకుంటున్న" అన్నాను.

జనం పలచబడ్డాక యాకూబ్ భాయ్ గల్లా దగ్గర నుంచి నా వైపు గడ్డం ఊపి, "గీ పెద్దమనిషి నీకేమైతడు రా?" అని తేజ్‌ను అడిగాడు.

తేజ్ కడాయి తిప్పుతూనే నా వైపు ఒకసారి చూశాడు. "మా మామ" అన్నాడు.

"మామ అయితె మంచిదే. సన్నగ కోస్తున్నడు. రేపు గూడ రమ్మను."

ఉల్లిగడ్డలవల్ల కళ్లు మండుతున్నాయి. ముంజేత్తో తుడుచుకుని, కింద ఉన్న ఇంకో సంచీని దగ్గరికి లాక్కున్నాను.